రెండు వందల కేబీల రఫ్ఫు

మ్యూజియం నుంచి వచ్చిన ఉత్తరాన్ని సూది మూడుసార్లు చదివింది. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి అర్థమైంది గానీ నమ్మబుద్ధి కాలేదు. మూడోసారి ఒళ్ళు మండింది.

"మీరు పంపిన పన్నెండు ఫోటోలను కమిటీ పరిశీలించింది. రఫ్ఫు చేసిన చోట్ల చదరాలు చదరాలుగా అతుకులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. దారం రంగు చుట్టుపక్కల బట్టతో కలవలేదు. చిరుగులున్నాయని మీరు చెప్పిన ఫోటోల్లో చిరుగులే కనబడలేదు. ఇటువంటి పనితనం మా పాతబట్టల విభాగానికి సరిపోదని తెలియజేయడానికి చింతిస్తున్నాము." కావాలంటే ఏడు రోజుల్లోగా మరోసారి ఫోటోలు పంపుకోవచ్చని చివర్లో దయతలిచారు.

చదరాలట! సూది చేతి రఫ్ఫులో చదరాలట! నడివీధిలో నిలబెట్టి నీకు నడక రాదన్నా ఆమెకు ఇంత కోపం వచ్చేది కాదు.

ఆమెకూ ఒక పేరుంది. అది కాగితాల మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు. చేతిలో ఎప్పుడూ సూది ఉంటుంది కాబట్టి సూది అన్న ముద్దుపేరు వచ్చిందని వీధివాళ్ళు అంటారు. నోట్లో కూడా ఒకటి ఉంది కాబట్టి వచ్చిందని చుట్టాలు అంటారు. ఇద్దరి మాటా నిజమే. మూడంతస్తుల మేడ కింద, మెట్ల పక్క గదిలో, ఉత్తరం కిటికీ దగ్గర స్టూలు వేసుకుని ఇరవై రెండేళ్ళుగా రఫ్ఫు పని చేస్తోంది. నిప్పురవ్వ పడిన కోటు, పురుగు కొట్టిన శాలువా, మేకు పట్టి చిరిగిన ప్యాంటు ఆమె దగ్గరికి వస్తాయి. అదే బట్ట లోపలి మడతలోంచి నాలుగు పోగులు లాగి, చిల్లు ఉన్న చోట నిలువు పోగులు పరిచి, వాటి మధ్యనుంచి అడ్డ పోగులు ఒక్కొక్కటే దూర్చి, మగ్గం నేసిన నేతను వేళ్ళతో మళ్ళీ నేస్తుంది. పని బాగా కుదిరిందంటే పని జరిగినట్టే తెలియదు. అదే ఆ పనికి గొప్ప, అదే శాపం కూడా. వంట బాగుంటే వంటమనిషిని మెచ్చుకుంటారు. రఫ్ఫు బాగుంటే, "ఏదీ, ఏం చేశారు? ఏమీ కనబడదే!" అని అనుమానంగా చూస్తారు.

ఆ మ్యూజియంలో గాజు బీరువా వెనక రెండు వందల ఏళ్ళనాటి గోడతెర ఒకటి వేలాడుతోంది. సూది దాన్ని ఒకసారి చూసింది. అరగజం మేర పురుగు తినేసి, వెనకున్న చెక్క కనబడుతోంది. కాపలా మనిషి వచ్చి, "ఇక కదలండమ్మా, వెనక జనం ఉన్నారు," అనేదాకా అక్కడే నిలబడిపోయింది. ఆ తెరను బాగుచేయడానికి ఒక రఫ్ఫు మనిషి కావాలని ప్రకటన పడినప్పుడు ఆమెకు రెండు రోజులు తిండి సయించలేదు. ఆ నేత మీద తన చెయ్యి పడాలి. తను చేసిన పనిని వెతికి చూసే కళ్ళు ఈ లోకంలో ఒక్కచోటైనా ఉండాలి. ఇంతకుమించి ఆమెకు ఏ కోరికా లేదు.

కష్టమైన పని వచ్చినప్పుడల్లా చిల్లు ఉండగా ఒకటి, చిల్లు పూడ్చాక ఒకటి ఫోటో తీసి ఉంచుకోవడం ఆమె అలవాటు. దానికోసం పన్నెండేళ్ళ కిందట ఒక మంచి పాత కెమెరా కూడా కొనుక్కుంది. వాటిలోంచి ఆరు జతలు ఏరింది. పోగు పోగూ లెక్కపెట్టుకునేంత స్పష్టమైన ఫోటోలు. చిక్కల్లా ఒక్కటే. ఆమె ఫోటో ఒక్కొక్కటి ఎనిమిది ఎంబీలు తూగుతోంది. మ్యూజియంవాళ్ళేమో ఏ ఫోటో అయినా రెండు వందల కేబీలు దాటితే తీసుకోబోమన్నారు. ఏనుగును ఎలుక కలుగులోంచి పంపమన్నట్టు ఉంది వ్యవహారం.

అక్కడ ప్రవేశించాడు పెద్దబావ.

పెద్దబావ అంటే సూది అక్క మొగుడు. ఒక పెద్ద కార్యాలయంలో పాత కాగితాల గదికి అధికారిగా ముప్ఫై ఏళ్ళు చేసి దిగిపోయాడు. గదినిండా ఉన్న కాగితాలను సగం గదికి కుదించినందుకు దిగిపోయేనాడు ఆయనకు సభ చేశారు. ఏ సగం కాగితాలు పారేశాడో ఇప్పటికీ అక్కడివాళ్ళు వెతుక్కుంటున్నారని వినికిడి. ఇంటికొచ్చాక కుదించడానికి కాగితాలు లేక చెయ్యి దురదపెట్టింది. అప్పుడు ఆయన కన్ను ఫోటోల మీద పడింది.

చుట్టాలందరికీ ఫోనులో ఒక గ్రూపుంది. దానికి పెద్దబావే అధిపతి. "మీరు పంపే ఫోటోల బరువుకు నా ఫోను మూలుగుతోంది," అని ఒకనాడు ఆజ్ఞ జారీచేశాడు. అప్పటినుంచి ఎవరింట్లో ఏ ఫోటో తీసినా ముందు ఆయనకు పంపాలి. ఆయన తేలిక చేసి గ్రూపులో పెట్టాలి. ఆయన చేతిలోంచి బయటపడ్డ పసిబిడ్డలు ఏ మొహం ఎవరిదో తెలియకుండా పిండిముద్దల్లా ఉండేవారు. పెళ్ళికూతురి ముక్కు, పెళ్ళికొడుకు చెవి కలిసిపోయేవి. ప్రతి ఫోటో కిందా ఆయన ఆఫీసు భాషలో ఒకే వాక్యం రాసేవాడు: "నాణ్యత తగ్గలేదు, గమనించగలరు." గమనించినవాళ్ళు కూడా చేతులు జోడించిన బొమ్మలే పెట్టేవారు. పెద్దాయనతో మనకెందుకులే అని అందరూ అనుకునేవారు. అందరూ అలా అనుకోబట్టే ఆయన అంతటివాడయ్యాడు.

ఈ సంగతంతా తెలిసీ సూది తన కెమెరా కార్డు తీసుకెళ్ళి, తేలిక చేసి మ్యూజియంకు పంపమని ఆయన చేతిలో పెట్టింది. ఆ తప్పు మాత్రం ఆమెదే. "ఆ మీటలు నొక్కే బాధ నాకెందుకు, చేసేవాళ్ళుండగా," అనుకుంది. శాలువా ఇచ్చేవాళ్ళతో, "ఇది ఎవరి చేతికీ ఇవ్వకండి, ఉతకడానికి కూడా," అని రోజూ పాఠం చెప్పే మనిషి, ఉన్న ఒక్క కార్డునూ మారుమాట లేకుండా ఇచ్చేసింది. చెప్పేటందుకే నీతులు మరి.

ఉత్తరం పట్టుకుని ఆమె అక్క ఇంటికి వెళ్ళేసరికి పెద్దబావ కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరిదో గృహప్రవేశాన్ని నలుపుతున్నాడు.

"రా మరదలా! ఉద్యోగం వచ్చిందా?" అన్నాడు, తెర మీదనుంచి చూపు తిప్పకుండానే.

"వచ్చింది. చదవండి," అని ఉత్తరం మీటల మీద పడేసింది.

ఆయన చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. "వాళ్ళ కంప్యూటర్ పాతది అయ్యుంటుంది," అని తీర్పు చెప్పాడు.

"మీరు పంపినవి ఒకసారి తెరిచి చూపించండి బావా."

తెరిచాడు. సూది చూసింది. ఆరు జతల్లో మొదటిది, ప్లీడరుగారి నల్లకోటు, తెర నిండా పరుచుకుంది. నేత లేదు. పోగు లేదు. వంటింటి గోడకు పలకలు అతికించినట్టు నల్లటి చదరాలు, బూడిదరంగు చదరాలు, అక్కడక్కడ ఎక్కడినుంచి వచ్చాయో ఆకుపచ్చ చదరాలు. రఫ్ఫుకు ముందు తీసిన ఫోటోలో నిప్పురవ్వ చేసిన చిల్లు ఏదో మరకలా అలుక్కుపోయింది. మొత్తం మీద చిల్లున్న బట్ట బాగానే ఉంది, బాగుచేసిన బట్టే చిరిగినట్టుంది.

"ఏం చేశారు వీటిని?"

"ఏం చేస్తాను, తేలిక చేశాను," అన్నాడు పెద్దబావ. "ఇదిగో, ఈ గీత ఉంది చూడు, దీన్ని చివరిదాకా ఇటు లాగాలి. సేవ్ కొట్టాలి. మొదటిసారికి తొమ్మిది వందలకు దిగింది. మళ్ళీ తెరిచాను, మళ్ళీ లాగాను, మళ్ళీ సేవ్. నీ ఫోటోలు భలే మొండివి సుమా! ఒక్కొక్కదాన్నీ ఏడుసార్లు పిండితే గానీ రెండు వందలకు రాలేదు."

"ఏడుసార్లా!"

"ఓపిక ఉండాలిగా మరి."

"పోనీ, అసలు ఫోటోలు ఇవ్వండి. వేరే చోట చేయించుకుంటాను."

"అసలువి అంటే?" అన్నాడు ఆయన నిజంగానే అర్థంకాక. "ఇవే అవి. వాటి మీదే సేవ్ చేశాను, పనిలో పనిగా కార్డులో మిగతావీ అలాగే పిండాను. ఒకే ఫోటోకు రెండు కాపీలెందుకు, చోటు దండగ! నీ కార్డు ఎంత ఖాళీ అయిందో చూడు. ఇంకో పదేళ్ళు తీసుకోవచ్చు."

సూది కంప్యూటర్‌లోంచి తన కార్డు లాగి కొంగున ముడేసుకుంది. వంటింటి గుమ్మంలో గరిట పట్టుకుని నిలబడిన అక్క అంతా వింది.

"ఆడలేక మద్దెల ఓడని, మ్యూజియంవాళ్ళకు చూడటం రాక ఏదో రాశారు. నువ్వేం బెంగపడకు," అని పెద్దబావ మళ్ళీ గృహప్రవేశంలోకి వెళ్ళిపోయాడు. గడపకు కట్టిన పూలమాల అప్పటికే ఒక పసుపుపచ్చ ఇటుకగా మారి ఉంది.

మర్నాడు సూది ప్లీడరుగారి ఇంటికి వెళ్ళింది. కనీసం బాగుచేసిన చోటునైనా మళ్ళీ ఫోటో తీసుకుందామని ఆశ. ప్లీడరుగారు మర్యాదస్తుడు, కోటు తెచ్చి ఇచ్చాడు. సూది కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి కుడి చెయ్యి చూసింది. ఎడమ చెయ్యి చూసింది. తిరగేసి చూసింది. వేలికొసలతో తడిమి చూసింది. ఎక్కడ చేసిందో ఆమెకే దొరకలేదు.

"ఇదేనాండీ ఆ కోటు?" అంది చివరికి.

"నాకున్నది ఇదొక్కటేనమ్మా," అన్నాడాయన. "అసలు ఎక్కడ కాలిందో నాకూ గుర్తులేదు. కాలిందంటారా?"

సూదికి గర్వం వచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. తను దొంగలా పని చేసింది. ఎక్కడా వేలిముద్ర మిగల్చలేదు. ఇప్పుడు తనే వచ్చి సాక్ష్యం అడిగితే ఎవరిస్తారు? పైగా, దొరికినా ఏం లాభం? పూడ్చిన చోటును ఫోటో తీయొచ్చు గానీ, పూడిపోయిన చిల్లును ఎక్కడినుంచి తెచ్చి తీస్తుంది? రెండూ పక్కపక్కన లేకపోతే అది ఉత్త కోటు. ఇంకో రెండిళ్ళ అడ్రసులు ఉన్నా, ఆమె వెళ్ళలేదు.

వీధి చివర ఒక ఫోటో స్టూడియో ఉంది. దాని యజమానిని అందరూ స్టూడియో బాబాయ్ అంటారు. ఫోనులో వచ్చిన బొమ్మను తెచ్చి గోడంత ప్రింటు అడిగేవాళ్ళను చూసి చూసి, మనుషుల మీద నమ్మకం పోయిన మనిషి. సూది కార్డు ఇవ్వగానే తెరిచి చూసి, "ఎవరమ్మా ఈ హంతకుడు?" అన్నాడు.

"మా బావగారు."

"ఊరికే అడిగాను. ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు."

"పాతవి వెనక్కి రావా బాబాయ్?"

"ఉన్న గుడ్డనే ఏడుసార్లు బండకేసి బాదాడు. ఇంకేం వస్తుంది? ఒరిజినల్ మీద సేవ్ కొట్టకూడదు. అది ఈ పనిలో మొదటి పాఠం. ముందు కాపీ తీసుకోవాలి, ఏం చేసినా కాపీని చెయ్యాలి. చెడితే కాపీ చెడుతుంది, తల్లి క్షేమంగా ఉంటుంది." ఆయన ఒక ఫోటో మీద వేలు పెట్టాడు. "ఇది చూడు. వెడల్పు ఆరు వేల చుక్కలు, అంటే పిక్సెళ్ళు. వాళ్ళు చూసే తెర మీద పట్టేది మహా అయితే రెండు వేలు. మీ బావగారు ఆ ఆరు వేలూ అలాగే ఉంచి, లోపలి సరుకు పీకేశారు. చెయ్యాల్సింది అది కాదు. ముందు కొలత తగ్గించాలి. పదహారు వందలకు తెచ్చాక, నాణ్యం ఎనభై దగ్గర పెట్టి ఒక్కసారి, ఒకే ఒక్కసారి సేవ్ చెయ్యాలి. ఇంకా బరువుంటే బల్లా గోడా అవీ కత్తిరించెయ్, చూపించాల్సిన చోటు మాత్రం ఉంచు. అప్పుడు రెండు వందల్లో పడుతుంది, పోగు పోగూ కనిపిస్తుంది."

సూది దాన్ని తన భాషలోకి మార్చుకుంది. "అంటే, చిన్నపిల్లాడికి చొక్కా కావాలంటే మంచి బట్టతో చిన్నది కుట్టాలి. మా బావ నాసిరకం దోమతెరతో పెద్దవాడి చొక్కా కుట్టాడు."

"నువ్వు అర్థం చేసుకున్నావ్," అన్నాడు స్టూడియో బాబాయ్. ఆయన నోట అది పెద్ద మెప్పు. "కానీ చొక్కా కుట్టడానికి ముందు బట్ట ఉండాలి కదమ్మా. నీ దగ్గర ఫోటో లేదే!"

నిజమే. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? పద్ధతి తెలిసింది, ఫోటోలు పోయాయి. గడువు ఇంక అయిదు రోజులు. ఆ వారం వచ్చిన పనులన్నీ ప్యాంటు అంచులు, జేబు చిరుగులు. మ్యూజియంవాళ్ళ ముందు పెట్టే సరుకు కాదు.

ఆ మధ్యాహ్నం అక్క వచ్చింది. చేతిలో ఒక పెద్ద సంచీ. తలుపు దగ్గరగా వేసి, సంచీలోంచి పెద్దబావ కోటు తీసి స్టూలు మీద పెట్టింది.

ఆ కోటు సంగతి చెప్పాలి. ఉద్యోగం దిగిపోయిన సభకోసం కుట్టించుకున్నది. సన్నటి ఉన్ని, చేపముల్లులా ఏటవాలు గీతలు అటొక వరస ఇటొక వరస తిరిగే నేత. బూడిదరంగులో కనీ కనబడని నీలం. గ్రూపులో ఆయన పేరు పక్కన బొమ్మలో ఉన్నది ఈ కోటే. దాన్ని ఇంట్లో ఎవరూ తాకకూడదు. చివరికి ఇస్త్రీ పెట్టె కూడా ఆయన పర్యవేక్షణలోనే తాకాలి.

"ఇంతకన్నా కష్టమైన నేత ఉందటే?" అని అడిగింది అక్క.

"లేదు. ఒక్క పోగు అటూ ఇటూ అయినా వరస విరుగుతుంది. గుడ్డివాడికి కూడా తెలిసిపోతుంది."

అక్క బల్ల మీద ఉన్న కత్తెర తీసి చెల్లెలి చేతిలో పెట్టింది. "అయితే కొయ్యి."

"పిచ్చి పట్టిందా అక్కా! బావకు తెలిస్తే?"

"ఉతకడానికి ఇచ్చానని చెప్పాను. నలభై ఏళ్ళుగా ఆయన చెప్పింది నేను నమ్ముతున్నాను, నేను చెప్పింది ఆయన ఒక్కసారి నమ్మలేడా?" అక్క కోటు మడత విప్పి స్టూలు మీద పరిచింది. "నా పెళ్ళి ఫోటోలు కూడా అలాగే పిండేశాడే. ఆల్బమ్ పాతబడిందని స్కాన్ చేయించి, తేలిక చేసి, పుస్తకం పారేశాడు. అందులో మన అమ్మ మొహం ఎక్కడుందో నాకు కనబడటం లేదు. అప్పుడు నేనేమీ అనలేదు. ఇప్పుడైనా కొయ్యి."

సూది అక్క మొహం చూసింది. ఆ మాట ఇన్నాళ్ళూ తనకు తెలియదు. గ్రూపులో ఆ పెళ్ళి ఫోటోల కింద తను కూడా చేతులు జోడించిన బొమ్మ పెట్టింది.

ఇరవై రెండేళ్ళలో ఆమె ఎన్ని వందల చిల్లులు పూడ్చిందో లెక్కలేదు. ఒక్క చిల్లు కూడా చేయలేదు. కత్తెర మొన కోటుకు ఆనించగానే చెయ్యి మొరాయించింది. ఎక్కడో వెనక అంచు దగ్గర కొయ్యొచ్చు. అలా కోస్తే మ్యూజియంవాళ్ళ సంగతేమో గానీ తన మనసుకు ఆనదు. గుండెల మీద, జేబుకు రెండు వేళ్ళ కింద, లోకమంతా చూసే చోట, బొటనవేలి గోరంత ముక్క కత్తిరించింది.

ఫోటో తీసింది. తర్వాత కోటు లోపలి మడత విప్పి, పోగులు లాగి, పనిలో కూర్చుంది. ఉత్తరం కిటికీలో వెలుగు ఉన్నంతసేపూ కుట్టింది, వెలుగు తగ్గగానే లేచింది. మొదటిరోజు చేసిందంతా రెండోరోజు పొద్దున్నే విప్పేసింది, ఒక వరసలో ఒక పోగు దారి తప్పిందని. అక్క రోజూ వచ్చి, కాసేపు కూర్చుని వెళ్ళేది. పెద్దబావ, "కోటు ఇంకా రాలేదా?" అని రెండుసార్లు అడిగాడట. చాకలివాళ్ళకు బాధ్యత లేదని ఉపన్యాసం కూడా ఇచ్చాడట. మూడోరోజు సాయంత్రానికి ఆఖరి పోగు లోపలికి వెళ్ళింది. సూది తడి వేళ్ళతో ఒకసారి నిమిరి, ఇస్త్రీ తగిలించి, మర్నాటి ఉదయం అదే కిటికీ దగ్గర, అదే దూరంలో రెండో ఫోటో తీసింది.

స్టూడియోలో మీటలు తనే నొక్కింది. బాబాయ్ వెనక నిలబడి చూశాడంతే. కాపీ తీసుకుంది. పక్కనున్న బల్లను కత్తిరించేసింది. వెడల్పు పదహారు వందలకు తెచ్చింది. నాణ్యం ఎనభై దగ్గర నిలిపి ఒక్కసారి సేవ్ చేసింది. ఒకటి నూట ఎనభై మూడు కేబీలు, ఇంకొకటి నూట తొంభై ఆరు. పెద్దది చేసి చూసింది. తెగిన పోగుల కొసల మీది నూగు కూడా లెక్కపెట్టొచ్చు. దీనికా ఇంత రాద్ధాంతం! పావుగంట పనికి ఆ మనిషి తన పన్నెండేళ్ళ ఫోటోలను గంగపాలు చేశాడు.

ఆరు జతల చోట ఒక్క జతే పంపింది. కింద ఒక ముక్క రాసింది: "మిగతావి ఉన్నాయి గానీ లేవు. ఇదొక్కటే చూడండి."

రెండు రోజులకు జవాబు వచ్చింది. ఈసారి ఉత్తరంలో తిట్టు లేదు, అనుమానం ఉంది. రెండు ఫోటోలూ ఒకే చోటువని నమ్మలేకపోతున్నామనీ, చిల్లు పడకముందు తీసినదాన్నే తర్వాత తీసినదిగా పంపలేదని రుజువేమిటనీ అడిగారు. కోటు స్వయంగా తెచ్చి చూపించమన్నారు. చెడ్డ ఫోటో పంపితే పని రాదన్నారు, మంచి ఫోటో పంపితే దొంగవన్నారు. మెచ్చుకునేవాళ్ళు ఎలా ఉంటారో సూది అప్పటికి ఎరగదు గనుక, అది మెప్పేనని ఆమెకు అర్థం కాలేదు.

మ్యూజియంలో ఒక పొడవాటి బల్ల మీద తెల్లగుడ్డ పరిచి కోటు పెట్టారు. విభాగం పెద్దావిడ, ఆవిడకు ఇద్దరు సహాయకులు భూతద్దాలు పట్టుకుని వంగారు. చిల్లున్న ఫోటో పక్కనే పెట్టుకున్నారు. జేబుకు రెండు వేళ్ళ కింద అని తెలుసు. అయినా పది నిమిషాలయింది, ఇరవై అయింది. ఒక సహాయకుడు, "ఇదిగో," అన్నాడు. అది మగ్గం మీద పడిన ముడి. ఇంకొకతను ఇంకోచోట, "ఇదిగో," అన్నాడు. అది సభనాడు పెద్దబావ కలంలోంచి పడిన సిరా చుక్క.

అరగంటకు పెద్దావిడ నడుము పట్టుకుని లేచింది. "ఎక్కడమ్మా?"

సూది కోటు లోపలి మడత విప్పి, పోగులు లాగిన చోటు చూపించింది. తర్వాత ఒక సన్నటి సూది తీసి, కోటు ముందు భాగంలో ఒక పోగు కిందికి దూర్చి, కొంచెం పైకెత్తింది. అక్కడినుంచి చుట్టూ గోరంత వలయం, చూపించాక మాత్రమే కనిపించేంత పలచగా, బయటపడింది. ముగ్గురూ మళ్ళీ వంగారు. సూది సూదిని తీసేయగానే వలయం మాయమైంది. పెద్దావిడ వేలితో ఆ చోటును వెతుక్కుంది, మళ్ళీ పోగొట్టుకుంది.

"మొదటిసారి పంపినవాటిలో ఆ చదరాలేమిటి మరి?" అంది.

"అవి మా బావగారి పనితనం," అంది సూది.

ఉద్యోగం కాగితం అక్కడికక్కడే ఇచ్చారు. సూది దాన్ని తిన్నగా అక్క ఇంటికి తీసుకెళ్ళి చూపించింది. కోటును అక్క బీరువాలో తగిలించేసింది. ఆ కాగితాన్ని పెద్దబావ చూడటం, ఫోనుతో ఫోటో తీయడం, కంప్యూటర్ ముందు కూర్చోవడం, అన్నీ ఆపేలోపే జరిగిపోయాయి.

పావుగంటలో గ్రూపులో ఒక తెల్లటి చదరం వెలిసింది. అందులో సూది పేరున్న చోట ఒక బూడిదరంగు పురుగు, మ్యూజియం ముద్ర ఉన్న చోట ఒక ఎర్రటి మచ్చ. దాని కింద ఇలా రాసి ఉంది: "నేను తేలిక చేసి పంపిన ఫోటోల ద్వారా మన సూదికి మ్యూజియంలో ఉద్యోగం లభించినందుకు సంతోషిస్తున్నాను. నాణ్యత తగ్గలేదు, గమనించగలరు." అక్షరం చదవకుండా అందరూ ఎగబడ్డారు. పెద్దబావగారికి అభినందనలు. మీరు లేకపోతే ఏమయ్యేదో. మీ ఓపికకు జోహార్లు. చేతులు జోడించిన బొమ్మలు ఇరవై మూడు.

సూది వాటన్నిటినీ చదివింది. ఈసారి ఒక్కసారే. తర్వాత తన ఫోనులోంచి ఒక ఫోటో తీసి గ్రూపులో పెట్టింది. నూట ఎనభై మూడు కేబీలు. చేపముల్లు నేత, నీలం కలిసిన బూడిదరంగు, గుండెల మీద జేబు, జేబుకు రెండు వేళ్ళ కింద బొటనవేలి గోరంత చిల్లు. తెగిన ప్రతి పోగూ కనిపిస్తోంది. ఆ కోటు ఎవరిదో చెప్పక్కర్లేదు, పెద్దబావ పేరు పక్కన బొమ్మలో అందరూ రోజూ చూసేదే. కింద సూది రాసింది: "నాణ్యత తగ్గలేదు, గమనించగలరు."

గ్రూపులో ఒక్కరు కూడా కిక్కురుమనలేదు. చేతులు జోడించిన బొమ్మ ఒకే ఒక్కటి వచ్చింది. అది అక్క పెట్టింది.

మర్నాడు సూది మ్యూజియంలో గోడతెర ముందు స్టూలు సర్దుకుంటుండగా అక్క ఫోన్ చేసింది.

"పొద్దుటినుంచీ కోటు బల్ల మీద పరుచుకుని కూర్చున్నాడే. కళ్ళజోడు చాలక భూతద్దం కూడా తెప్పించాడు."

"దొరికిందా?"

"లేదు. అన్నం కూడా తినలేదు. ఆ ఫోటో ముందు పెట్టుకుని, అసలు కొయ్యలేదేమో, ఇదంతా కంప్యూటర్‌లో చేసిన మాయేమో అంటాడు. మళ్ళీ వెతుకుతాడు. పోనీ ఎలా చూడాలో చెప్పేద్దామా?"

"వద్దు," అంది సూది. "వెతకనీ."

మ్యూజియంవాళ్ళు చూసింది అరగంటే. పెద్దబావ సాయంత్రం దాకా చూశాడట. ఇరవై రెండేళ్ళలో ఆమె పనిని అంత శ్రద్ధగా చూసినవాడు ఇంకొకడు లేడు.